పేరుకెంత? పప్పుకెంత?

టీవీలో కనిపించని పేర్లతో పప్పూ ఉప్పూ నూనే మెల్లగా మన వంటిళ్లలోకి వస్తున్నాయి. దుకాణాలు సొంత పేరుతో అమ్మే ఈ సరుకులు నిజంగా చవకేనా? చవకైతే నాణ్యత మాటేమిటి? ఎక్కడ ధైర్యంగా కొనొచ్చు, ఎక్కడ ఆగి చూడాలి?

నెల మొదటి ఆదివారం సాయంత్రం. కూకట్‌పల్లిలో ఓ సూపర్‌మార్కెట్. ట్రాలీకి ట్రాలీ తగిలేంత రద్దీ. పప్పుల వరస దగ్గర అత్తాకోడళ్లు ఆగిపోయారు. కోడలి చేతిలో రెండు కందిపప్పు ప్యాకెట్లు. ఒకటి టీవీలో రోజూ కనిపించే కంపెనీది. రెండోది ఆ దుకాణం తన సొంత పేరుతో అమ్ముతున్నది.

"ఇది ముప్పై రూపాయలు తక్కువ అత్తయ్యా."

పెద్దావిడ ఆ రెండో ప్యాకెట్ అందుకుని లైటు వైపు ఎత్తి పట్టుకుంది. కవరు మీదినుంచే బొటనవేలితో పప్పును అటూ ఇటూ జరిపింది. పుచ్చు ఉందా, నూక ఎంత, పొట్టు పోయిందా, గింజ మరీ నిగనిగలాడుతోందా... అన్నీ చూసింది. యాభై ఏళ్లుగా పప్పు ఏరిన చెయ్యి అది.

"పప్పు బాగానే ఉందమ్మాయ్. కానీ ఎల్లుండి మీ ఆడపడుచు వాళ్లు వస్తున్నారుగా. ఈసారికి ఆ కంపెనీదే తీసుకో."

ముప్పై రూపాయలు ఎక్కువైనా పేరున్న ప్యాకెట్టే ట్రాలీలో పడింది. వండి వడ్డించాక ముద్దపప్పు ఏ కంపెనీదో ఆడపడుచుకు తెలియదు. ఆ సంగతి అత్తగారికీ తెలుసు. అయినా చవక సరుకు తెచ్చి చుట్టాలకు పెట్టామన్న ఊహే ఆవిడకు ఇబ్బంది. మన మధ్యతరగతి ఇళ్లలో సరుకుల ఖర్చు గురించి ఎంత మాట్లాడుకున్నా, దాని వెనక ఉన్న ఈ మొహమాటం గురించి ఎవరూ మాట్లాడరు. డబ్బులు ఎక్కువగా జారిపోతున్నది అక్కడే.

బిల్లులో తిండి వాటా

కేంద్ర గణాంక శాఖ 2023-24 కుటుంబ వినియోగ సర్వే ప్రకారం, మన దేశంలో పల్లెల్లో ఇంటి ఖర్చులో 47.04 శాతం, పట్నాల్లో 39.68 శాతం తిండికే పోతోంది. అద్దె తగ్గించుకోలేం, స్కూలు ఫీజు మన చేతిలో లేదు, బైకు కిస్తీ ఆగదు. నెలాఖరున ఇల్లాలి చేతిలో అటూ ఇటూ కదిలేది సరుకుల చిట్టీ ఒక్కటే. అందుకే ధర పెరిగినప్పుడల్లా కోత పడేది తిండి మీదే. వారానికి రెండుసార్లు చేసే పప్పు ఒకసారికి వస్తుంది. పిల్లలకిచ్చే వేరుశనగ ఉండలు మానేస్తారు. తినే తిండిని తగ్గించకుండా బిల్లు తగ్గించే దారి ఉంటే ముందు దాన్నే వెతకాలి కదా.

2025 సెప్టెంబరు 22న బిస్కెట్లు, నెయ్యి లాంటివాటి మీద జీఎస్టీ తగ్గింది. ప్యాక్ చేసిన పప్పులు, బియ్యం మీద మాత్రం 5 శాతం అలాగే ఉంది. పన్ను తగ్గితే ఎంత మిగులుతుందని లెక్కలు వేసుకున్న ఇళ్లలోనే ఇప్పుడు మరో లెక్క మొదలైంది: ప్యాకెట్ మీద పేరు మార్చుకుంటే ఎంత మిగులుతుంది?

దుకాణమే కంపెనీ అయితే

ఈ పేర్లు మనకు పరిచయం లేనివేం కావు. డీమార్ట్‌లో 'ప్రీమియా', రిలయన్స్‌లో 'గుడ్ లైఫ్', బిగ్‌బాస్కెట్‌లో 'బీబీ రాయల్', 'బీబీ పాపులర్', అమెజాన్‌లో 'వేదక'. పది నిమిషాల్లో సరుకులు తెచ్చే యాప్‌లు కూడా సొంత పేర్లు పెట్టుకుంటున్నాయి. దుకాణదారు తానే మండీలో టోకున కొని, శుభ్రం చేయించి, ప్యాక్ చేయించి, తన పేరుతో తన అరల్లో పెట్టుకుంటాడు. డీమార్ట్ విషయంలో పప్పులు, మసాలా దినుసులు, డ్రైఫ్రూట్స్ ప్యాక్ చేసే పని 'అలైన్ రిటైల్ ట్రేడ్స్' అనే అనుబంధ సంస్థ చూస్తుంది. బిస్కెట్లు, నూడుల్స్, ఫినాయిల్ లాంటివైతే వేరే ఫ్యాక్టరీ తయారుచేసి ఇస్తుంది. వాటి మీద ఒక చోట తయారీదారు పేరు, మరో చోట అమ్మేవాళ్ల పేరు వేరువేరుగా ఉంటాయి.

మరి చవక ఎలా అవుతుంది? పెద్ద కంపెనీ పప్పు ప్యాకెట్ మన ఇంటికి చేరే దారి చూడండి. మిల్లు నుంచి కంపెనీ గోదాముకు, అక్కడినుంచి జిల్లా స్టాకిస్టుకు, ఆయన దగ్గర్నుంచి ఆర్డర్లు రాసుకునే సేల్స్‌మన్ ద్వారా దుకాణానికి. ప్రతి మజిలీలోనూ ఎవరో ఒకరికి కమిషన్. పైన సినిమా హీరోతో ప్రకటన, క్రికెట్ మ్యాచ్ మధ్యలో పది సెకన్ల చోటు, సూపర్‌మార్కెట్‌లో కంటికి ఎదురుగా ఉండే అర కోసం చెల్లించే సొమ్ము. ఇవన్నీ కలిసి ప్యాకెట్ ధరలో కూర్చుంటాయి. దుకాణం సొంత సరుకుకు స్టాకిస్టు లేడు, హీరో లేడు, అర అద్దె లేదు. మిగిలిన దాంట్లో కొంత దుకాణం లాభంగా ఉంచుకుంటుంది, కొంత మనకు వదులుతుంది. ఇది దానధర్మం కాదని గుర్తుంచుకోవాలి. కంపెనీ సరుకు మీదకన్నా సొంత సరుకు మీదే దుకాణానికి మిగిలేది ఎక్కువ. అందుకే దాన్ని మన కళ్లముందు పెట్టాలని అంత తాపత్రయం.

మిగిలేదెంత అన్నది ఇంటిని బట్టి మారుతుంది. పప్పులు, పంచదార, రవ్వ, నూనె, పిండి అన్నీ కలిపి నెలకు 15 కిలోలు వాడే ఇంట్లో కిలోకు సగటున 20 రూపాయలు తేడా వచ్చిందనుకుందాం. నెలకు 300, ఏడాదికి 3,600. పిల్లాడి నోటుపుస్తకాలు, బూట్లు వచ్చేస్తాయి. ఆ ఇంట్లో ఎవరూ ఒక్క ముద్ద తక్కువ తినక్కర్లేదు.

ఉప్పుకు ఇంటిపేరేమిటి?

అన్ని సరుకులూ ఒకటి కాదు. ఈ కథనం మొత్తంలో ఒక్క విషయం పట్టుకోవాలంటే నేను చెప్పేది ఇదే: ప్యాకెట్‌లో ఒకే ఒక్క వస్తువు ఉన్నప్పుడు, దాని మీద కంపెనీ పేరుకు ఎక్కువ డబ్బు ఇవ్వడంలో అర్థం లేదు.

ఉప్పు తీసుకోండి. 2006 మే 17 నుంచి మన దేశంలో అయోడిన్ కలపని ఉప్పును నేరుగా తినడానికి అమ్మకూడదు. మన చేతికి వచ్చేసరికి పది లక్షల భాగాలకు కనీసం 15 భాగాలు అయోడిన్ ఉండాలి. ఏ పేరుతో అమ్మినా చట్టం ఇదే. పంచదారకు మిల్లులోనే గింజ సైజును బట్టి ఎం-30, ఎస్-30 అని గ్రేడు పడిపోతుంది. ఆ తర్వాత దాన్ని ఏ కవరులో పోసినా పంచదార పంచదారే. పొద్దుతిరుగుడు నూనె చాలావరకు ఉక్రెయిన్, రష్యాల నుంచి ముడినూనెగా ఓడల్లో దిగి, కాకినాడ, కృష్ణపట్నం లాంటి రేవుల దగ్గర రిఫైనరీల్లో శుద్ధి అవుతుంది. రిఫైన్డ్ నూనె అంటేనే రంగు, వాసన, రుచి తీసేసినది. తీసేశాక మిగిలిన దాంట్లో తేడా ఏం వెతుకుతాం? ఎ, డి విటమిన్లు కలిపినదైతే ప్యాకెట్ మీద '+ఎఫ్' గుర్తు ఉంటుంది. అదుందో లేదో చూస్తే చాలు.

బియ్యం సంగతి మనకు మరీ దగ్గరిది. బాపట్ల వ్యవసాయ కళాశాలలో పుట్టి 1986లో విడుదలైన బీపీటీ-5204, మన సాంబ మసూరి, తెలుగు నేల మీదే కాదు, దేశంలో ఎన్నో రాష్ట్రాల్లో పండుతోంది. నల్గొండ మిల్లులోనైనా, మిర్యాలగూడ మిల్లులోనైనా ఆడించేది ఆ వడ్లే. కానీ బస్తాల మీద చూడండి: దేవుళ్లు, ఏనుగులు, నెమళ్లు, గంటలు, మిల్లు యజమాని పిల్లల పేర్లు. బియ్యం కొనేటప్పుడు అడగాల్సింది రకం ఏమిటి, పాతవా కొత్తవా, ఎంత పాలిష్ పట్టారు, నూక ఎంత అని. ఈ నాలుగింటికీ బస్తా మీది బొమ్మ జవాబు చెప్పదు. మన పెద్దవాళ్లు సరిగ్గా ఈ నాలుగే అడిగేవారు.

ఊరి పేరుకు, కంపెనీ పేరుకు తేడా ఇక్కడే ఉంది. తాండూరు కంది, గుంటూరు సన్నం మిరప, అరకు కాఫీ... ఇవి నేలను బట్టి, విత్తనాన్ని బట్టి వచ్చిన పేర్లు. భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. తాండూరు కందికి 2022లో వచ్చింది. వాటికి రూపాయి ఎక్కువ పెట్టినా ఆ రూపాయి రుచి రూపంలో కంచంలోకి వస్తుంది. దుకాణం సొంత ప్యాకెట్ మీద 'తాండూరు కందిపప్పు' అని ఉంటే, పేరున్న కంపెనీ ప్యాకెట్ మీద ఊరి పేరే లేకపోతే, నేను మొదటిదే తీసుకుంటాను.

———

26 కిలోల బస్తా కథ

మీ ఇంటికి వచ్చే బియ్యం బస్తా 25 కిలోల నుంచి 26 కిలోలకు ఎందుకు మారిందో ఎప్పుడైనా గమనించారా? 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు రిజిస్టర్ చేసిన బ్రాండ్ పేరున్న బియ్యం, పప్పుల మీదే 5 శాతం పన్ను ఉండేది. పేరు లేనివాటికి లేదు. 2022 జులై 18న నిబంధన మారింది. బ్రాండ్ ఉన్నా లేకపోయినా, 25 కిలోల వరకు ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసినవాటన్నిటికీ పన్ను వచ్చింది. 25 దాటిన బస్తా చట్టం దృష్టిలో చిల్లర ప్యాకెట్ కాదు. దాంతో మిల్లర్లు ఒక కిలో కలిపి 26 చేశారు. కిరాణా కొట్టులో మన కళ్లముందే బస్తాలోంచి తీసి తూచి ఇచ్చే లూజు పప్పుకు ఇప్పటికీ జీఎస్టీ లేదు.

———

తెలిసినవాళ్లు ఏం కొంటారు

అమెరికాలో నలుగురు ఆర్థికవేత్తలు 2015లో ఒక అధ్యయనం ప్రచురించారు. వాళ్లు వేసుకున్న ప్రశ్న చాలా సూటిగా ఉంది: సరుకు గురించి బాగా తెలిసినవాళ్లు తమ ఇంటికి ఏం కొంటారు? తలనొప్పి మాత్రల విషయంలో మామూలు జనం 26 శాతం సార్లు పేరున్న కంపెనీవి కొంటుంటే, ఫార్మసిస్టులు 9 శాతం సార్లే కొన్నారు. మిగతా అన్నిసార్లూ దుకాణం సొంత పేరుతో ఉన్న మాత్రలే. ఉప్పు, పంచదార లాంటి వంటింటి సరుకుల్లో కూడా అంతే. వంట వృత్తిలో ఉన్నవాళ్లు, తమలాంటి మిగతా కుటుంబాలకన్నా పేరున్న కంపెనీలవి 12 శాతం పాయింట్లు తక్కువ కొన్నారు.

మన దగ్గర ఇందుకు అధ్యయనం అక్కర్లేదు. బేగంబజార్‌లోనో, విజయవాడ గొల్లపూడి టోకు మార్కెట్‌లోనో పెళ్లిళ్ల వంట మేస్త్రి సరుకు తీసుకునేటప్పుడు పక్కన నిలబడండి. ఆయన ఏ కంపెనీ పేరూ ఎత్తడు. కందిపప్పు గుప్పెట్లోకి తీసుకుని నలుపుతాడు. అరచేతికి జిడ్డు అంటితే పాలిష్ పప్పని పక్కన పెడతాడు. ఒక గింజ పంటికింద వేసి కొరుకుతాడు. టక్కుమని విరిగితే బాగా ఎండింది, మెత్తగా దిగితే చెమ్మ ఉంది. మినపగుళ్లయితే పిండి ఎంత ఒదుగుతుందో అడుగుతాడు. మిరపకాయ తొడిమ తుంచి వాసన చూస్తాడు. వెయ్యి మందికి వండి పేరు నిలబెట్టుకోవాల్సిన మనిషి ఆయన. ఆయనకు కావాల్సిన నమ్మకం ఆయన వేళ్లలో ఉంది.

ఆ పరీక్షలు మన వంటింట్లోనూ కుదురుతాయి. ఈ నెల అర కిలో దుకాణం పప్పు, అర కిలో అలవాటైన కంపెనీ పప్పు తెచ్చి, ఒకే రోజు రెండు గిన్నెల్లో ఒకే కుక్కర్‌లో పెట్టండి. ఏది ముందు ఉడికింది, ఏది ఎక్కువ ఒదిగింది, ఏది కమ్మగా ఉంది అన్నది ఇంట్లోవాళ్లకు ఏ గిన్నె ఏదో చెప్పకుండా వడ్డించి తెలుసుకోండి. చెప్పేస్తే నాలుక పేరు వైపే మొగ్గుతుంది.

సూట్‌కేసులో వచ్చే బాదం

డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో కొడుకూ కోడలూ సెలవులకు వస్తే సూట్‌కేసులోంచి ఏం బయటికి తీస్తారు? చాక్లెట్లు, విటమిన్ మాత్రలు, ఓ పెద్ద సంచీ నిండా బాదం పప్పు. దాని మీద 'కిర్క్‌లాండ్ సిగ్నేచర్' అని ఉంటుంది. ఇరుగుపొరుగుకు గుప్పెడు గుప్పెడు పంచుతూ "అమెరికా బాదం, మనవాటికీ దీనికీ పోలికే లేదు" అంటారు అమ్మగారు.

ఆ కిర్క్‌లాండ్ దుకాణం సొంత సరుకే. కాస్ట్‌కో అనే టోకు దుకాణాల సంస్థ 1995లో మొదలుపెట్టిన పేరు అది. వాషింగ్టన్ రాష్ట్రంలో కిర్క్‌లాండ్ అనే ఊళ్లో ఒకప్పుడు ఆ సంస్థ కార్యాలయం ఉండేది, ఆ ఊరి పేరే పెట్టుకున్నారు. బాదం మొదలు వంటనూనె, తడి తుడుపు కాగితాల దాకా అన్నీ ఆ పేరుతో అమ్ముతారు. మనవాళ్లు అక్కడ ఏ సంకోచమూ లేకుండా దాన్ని ట్రాలీలో వేసుకుంటారు, పుట్టింటికి కానుకగా మోసుకొస్తారు. మరి అదే పద్ధతిలో కూకట్‌పల్లి దుకాణం తన పేరుతో బాదం అమ్మితే దాన్ని చవక రకమని ఎందుకు అనుకోవాలి? ఒకచోట గౌరవమైనది ఇంకోచోట నామోషీ ఎలా అయింది? ఈ ప్రశ్న ఎవరినో ఎత్తిపొడవడానికి అడగడం లేదు. మన నామోషీకి సరుకుతో సంబంధం లేదని తెలిస్తే దాన్ని వదిలించుకోవడం తేలికవుతుంది.

———

తెల్ల డబ్బాల నుంచి పసుపు డబ్బాల దాకా

1976లో ఫ్రాన్స్‌లో కార్‌ఫూర్ సంస్థ ఏ కంపెనీ పేరూ లేకుండా తెల్లని ప్యాకింగ్‌తో 50 రకాల సరుకులు అమ్మకానికి పెట్టింది. ధరలు ఎగబాకుతున్న కాలం అది, జనం ఆదరించారు. 1978లో కెనడాలో లాబ్లాస్ సంస్థ ముదురు పసుపు కవర్ల మీద నల్లటి అక్షరాలతో సరుకు పేరు మాత్రమే రాసి 'నో నేమ్' అని మొదలుపెట్టింది. ఇప్పటికీ అదే పసుపు. అమెరికాలో వాల్‌మార్ట్ 1993లో 'గ్రేట్ వాల్యూ' తెచ్చింది. మన దగ్గర రిలయన్స్ ఫ్రెష్ తొలి దుకాణాలు 2006లో హైదరాబాద్‌లోనే తెరుచుకున్నాయి. ఒకప్పుడు వీధి వీధినా కనిపించిన త్రినేత్ర దుకాణాలను 2007లో ఆదిత్య బిర్లా గ్రూపు తీసుకుంది, అవి 'మోర్' అయ్యాయి.

———

ఆగి చూడాల్సిన చోట్లు

పేరు అనవసరం అన్న మాటను పట్టుకుని అన్నిటికీ వర్తింపజేస్తే దెబ్బతింటాం. నాలుగు వస్తువులు కలిసి తయారైన సరుకులో కలిపే చెయ్యి ముఖ్యం. టీ పొడి ఏ తోటల ఆకులు ఏ పాళ్లలో కలిపారన్నదాన్ని బట్టి ఉంటుంది. పొద్దున్నే తాగే గుక్కెడు టీ రుచి మారితే ఆ రోజంతా వెలితిగా ఉండే ఇళ్లు నాకు తెలుసు. వాళ్లు ఆ పది రూపాయలు ఆనందంగా పెట్టుకోవచ్చు. ఫిల్టర్ కాఫీ పొడిలో చికోరీ కలిస్తే ఎంత శాతమో ప్యాకెట్ మీద రాయాలి, కాఫీ 51 శాతానికి తగ్గకూడదు. చవక పొడి ఎందుకు చవకో చాలాసార్లు ఆ అంకెలోనే తెలుస్తుంది. ఇంగువ, సాంబారు పొడి, పచ్చళ్లు, నెయ్యి... వీటిలో ముందు చిన్న ప్యాకెట్ తెచ్చి చూసుకోవాలి. నచ్చకపోతే పాతదానికి వెళ్లిపోవాలి, మొహమాటం లేదు.

అలాగని మసాలా పొడుల్లో పెద్ద పేరుంటే భయం లేదనుకోవడానికీ లేదు. 2024 ఏప్రిల్‌లో హాంకాంగ్ ఆహార భద్రత అధికారులు, మన దేశంలో ఇంటింటా తెలిసిన రెండు కంపెనీల నాలుగు రకాల మసాలాల్లో ఇథిలీన్ ఆక్సైడ్ ఉందని చెప్పి అమ్మకాలు ఆపించారు. పెద్ద పేరు పరీక్షకు ప్రత్యామ్నాయం కాదు. దుకాణం పేరూ అంతే. ఎండు మిర్చి, ధనియాలు, పసుపు కొమ్ములు కొని మరలో ఆడించుకునే అవకాశం ఉన్నవాళ్లు అలా చేయడమే మేలు. దానికంటే చవకది, దానికంటే నమ్మకమైనది ఇంకోటి లేదు.

తూకంలో జరిగే మాయ మీద ఒక కన్నేసి ఉంచాలి. లీటరు పొద్దుతిరుగుడు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. ఒకప్పుడు ఏ సరుకు ఏ సైజుల్లో ప్యాక్ చేయాలో నిబంధన ఉండేది. 2021లో తూనికల నిబంధనలను సవరిస్తూ దాన్ని ఎత్తేశారు. అప్పటినుంచి చూడటానికి లీటరు ప్యాకెట్‌లాగే ఉండి 850 గ్రాములో, ఇంకా తక్కువో ఉన్న నూనె కవర్లు వచ్చాయి. పేరున్నవాళ్లూ, దుకాణాలూ ఇద్దరూ ఇదే పని చేస్తున్నారు. ఎదురుగా ఉన్న ధర చూసి చవక అనుకుంటే చేతి చమురు వదిలినట్టే.

దీనికి విరుగుడు ఆ సవరణలోనే ఉంది. ప్యాకెట్ మీద ఎంఆర్‌పీతోపాటు గ్రాముకు లేదా కిలోకు ధర ఎంతో ముద్రించాలి. కాకపోతే ఒక చిక్కు. కిలోకన్నా తక్కువ ప్యాకెట్ మీద గ్రాము ధర రాస్తారు, కిలో దాటితే కిలో ధర. అర కిలో ప్యాకెట్ మీద 'గ్రాముకు రూ. 0.19' అని, రెండు కిలోల ప్యాకెట్ మీద 'కిలోకు రూ. 172' అని ఉంటే, గ్రాము ధరను వెయ్యితో హెచ్చవేస్తే గానీ మొదటిది కిలో 190 పడుతోందని తెలియదు. ఫోన్‌లో లెక్క చూడటానికి అర నిమిషం పడుతుంది. ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్న చోట ఆ అర నిమిషం తప్పకుండా వెచ్చించండి. రెండు నెలల్లో వాడలేని పిండి ఎంత చవకగా వచ్చినా చివరికి పురుగులకే.

———

ప్యాకెట్ వెనక ఏముంటుంది?

ముందువైపు బొమ్మ, వెనకవైపు నిజం. 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ నంబరు చూడండి. 'ఫుడ్ సేఫ్టీ కనెక్ట్' యాప్‌లో ఆ నంబరు కొడితే అది ఎవరిదో తెలుస్తుంది. తయారుచేసినవాళ్ల పేరు, ఊరు చదవండి. రెండు వేరువేరు పేర్ల ప్యాకెట్ల మీద ఒకే తయారీదారు కనిపిస్తే రెండూ ఒకే ఫ్యాక్టరీవని అర్థం. అయినా పదార్థాల జాబితా ఒకటేనా అని పోల్చండి, ఒకే ఫ్యాక్టరీ రెండు పాళ్లలో చేయవచ్చు. ఆ జాబితాలో బరువు ఎక్కువున్నది ముందు రాయాలి. వేరుశనగ బర్ఫీలో పంచదార మొదట ఉంటే మీరు కొంటున్నది పంచదార. సరుకు బాగోకపోతే బిల్లు దాచి దుకాణంలో అడగండి, వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.

———

వీధి చివరి కొట్టు

ఇదంతా చదివి మన వీధి చివరి కిరాణా కొట్టును మర్చిపోతే అన్యాయమవుతుంది. కంపెనీ పేరు లేని సరుకును తరతరాలుగా మనకు అమ్మింది ఆ కొట్టే. గోనె సంచుల్లో పప్పులు, కాగితం పొట్లంలో జీలకర్ర. అక్కడ హామీ ఆ యజమాని మొహమే. పురుగు పడితే మర్నాడు తీసుకెళ్లి ఇస్తే మారు మాట్లాడకుండా మార్చేవాడు. జీతం ఆలస్యమైతే ఖాతాలో రాసుకునేవాడు, ఇప్పటికీ రాసుకుంటున్నాడు. ఏ సూపర్‌మార్కెట్ సొంత సరుకూ అప్పు ఇవ్వదు. రోజు కూలీ మీద బతికే ఇంటికి ఆ ఖాతా విలువ, కిలోకు ఇరవై రూపాయల ఆదా కంటే పెద్దది కావచ్చు. లూజు పప్పు శుభ్రంగా ఉండి, తూకం సరిగ్గా ఉండి, ధర దుకాణం ప్యాకెట్‌కు అటూ ఇటూ ఉంటే నా ఓటు ఆ కొట్టుకే.

దుకాణాలకు సరుకు చేసిపెట్టే చిన్న మిల్లుల సంగతి కూడా తలచుకోవాలి. ప్రకటనలకు డబ్బు లేని ఓ పప్పు మిల్లుకు పెద్ద దుకాణం ఆర్డరు ఏడాది పొడవునా పని ఇస్తుంది. అదే ఆర్డరు ఉన్నట్టుండి ఆగిపోతే ఆ మిల్లుకు చెప్పుకోవడానికి సొంత పేరు కూడా ఉండదు. చిన్న సంస్థలకు 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. దాన్ని కచ్చితంగా అమలు చేయిస్తే మనకు మిగిలే రూపాయి ఇంకొకరి జేబులోంచి లాగింది కాకుండా ఉంటుంది.

ప్రభుత్వం కూడా ఈ రంగంలో ఉంది. విశాఖ కేంద్రంగా 1956 నుంచి పనిచేస్తున్న గిరిజన సహకార సంస్థ చింతపండు, తేనె, పసుపు, కాఫీ అమ్ముతోంది. అందులో డబ్బు చేరేది అడవిలో సేకరించిన చేతులకు. కేంద్రం 2023 జులైలో కిలో 60 రూపాయలకు శనగపప్పు, అదే ఏడాది నవంబరులో 27.50కి గోధుమ పిండి, 2024 ఫిబ్రవరిలో 29కి బియ్యం 'భారత్' పేరుతో తెచ్చింది. ధరలు మండిపోతున్నప్పుడు ఇలాంటి సరుకు కళ్లెదుట ఉంటే మిగతావాళ్ల ధరలకూ కాస్త కళ్లెం పడుతుంది. అయితే అవి మన ఊళ్లలో ఎప్పుడూ, అన్నిచోట్లా దొరికితేనే ఆ మాట నిజమవుతుంది.

వెనకవైపు ఎవరు చదవగలరు?

ప్యాకెట్ తిప్పి చదవమని ఇంతసేపూ చెప్పాను. కానీ అక్కడ తెలుగు చాలావరకు ఉండదు. తప్పనిసరిగా ఉండాల్సిన వివరాలు హిందీలోనో ఇంగ్లీషులోనో ఉంటే చాలని నిబంధనలు చెబుతున్నాయి. స్థానిక భాష కలపడం కంపెనీ ఇష్టం. పదో తరగతి తెలుగు మీడియంలో చదివి, మూడిళ్లలో పనిచేసి, నెలకోసారి సూపర్‌మార్కెట్‌కు వచ్చే ఒక అమ్మ ఆ అరల మధ్య ఏం చేస్తుంది? ఆవాల గింజంత ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న గ్రాము ధర ఆమెకు అందదు. ఆమెకు ఆసరా ప్యాకెట్ రంగు, దాని మీది బొమ్మ, టీవీలో విన్న పాట. నాలుగు రూపాయలు ఎక్కువైనా ఆ రంగునే పట్టుకుంటుంది, ఎందుకంటే కొత్త ప్యాకెట్ మోసమైతే భరించే స్తోమత ఆమెకు లేదు. ఆదా ఎవరికి అందరికంటే అవసరమో వాళ్లే పేరుకు ఎక్కువ చెల్లిస్తున్నారు.

దీన్ని మార్చడానికి పెద్ద ఖర్చేమీ కాదు. ప్రతి అర మీద, ప్రతి ధర చీటీ మీద, సరుకు పేరు తెలుగులో, కిలో ధర పెద్ద అంకెల్లో, చిన్న ప్యాకెట్లకు కూడా గ్రాము లెక్కన కాకుండా కిలో లెక్కన ఉండాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ తూనికలు కొలతల శాఖలు ఉన్నాయి, పౌర సరఫరాల మంత్రులు ఉన్నారు. దుకాణాల సంఘాలను పిలిచి ఈ ఒక్క మాట ఒప్పించడానికి కొత్త చట్టం కోసం ఎదురుచూడక్కర్లేదు. దుకాణాలకు కూడా ఇందులో నష్టం లేదు. తమ సరుకు నిజంగా చవకైతే ఆ అంకె వాళ్ల తరఫునే మాట్లాడుతుంది. ఈసారి సరుకులకు వెళ్లినప్పుడు మేనేజర్‌ను పిలిచి అడగండి: కిలో ధర ఎక్కడ రాశారు, తెలుగులో ఎందుకు లేదు?